మెస్ కమిటీ పిల్లలకు, పప్పు గురించి

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీరంతా మెస్ కమిటీలో చేరారనీ, మీ యూనివర్సిటీ క్యాంటీన్ భోజనం వల్ల గాలిలో కలిసే కార్బన్‌ను తగ్గించాలని పట్టుదలగా ఉన్నారనీ మా మనవరాలు చెప్పింది. గోడలకు పోస్టర్లు అంటించాలని కొందరు, వారంలో ఒకరోజు మాంసం ఆపేయాలని కొందరు అంటున్నారట. ఈ వయసులో మీకు ఈ ధ్యాస కలగడం నాకెంతో సంతోషంగా ఉంది. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఈ విషయం చేను వైపు నుంచి కొంత తెలుసు. పోస్టర్ల కన్నా ముందు, నిషేధాల కన్నా ముందు మీ మెస్‌లో పప్పు ఎలా ఉందో చూడండి. ఎందుకో చెబుతాను.

2018లో ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని 38 వేలకు పైగా పొలాల లెక్కలు పోగుచేసి ప్రచురించారు. ఆ సగటుల ప్రకారం కిలో గొర్రె మాంసం మన దాకా వచ్చేసరికి భూమిని వేడెక్కించే వాయువులు, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో చెబితే, 20 కిలోలకు పైగా గాలిలో కలుస్తాయి. కోడిమాంసానికి 6 నుంచి 10 కిలోలు, గుడ్లకు 5 లోపు, బియ్యానికి 4కు అటూ ఇటూ, పప్పుధాన్యాలకు 2 లోపే. ఇవి ప్రపంచ సగటులు. మన దగ్గర అంకెలు కొంత మారతాయి గానీ, పప్పు అందరికన్నా కింద ఉండటం మారదు. గొర్రె, మేక నెమరువేసే జంతువులు. వాటి కడుపులో మేత పులిసేటప్పుడు మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 27 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది.

శాకాహారం పెడితే చాలనుకోకండి. కోడికూర తీసేసి పనీర్ కూర పెడితే మీరు అనుకున్నది జరగదు. కిలో పనీర్‌కు ఐదారు లీటర్ల పాలు కావాలి. పాలిచ్చే గేదె కూడా నెమరువేసేదే. పై లెక్కల్లో పాలతోనే చేసే చీజ్ కూడా కిలోకు 20 కిలోలు దాటింది. ఈ విషయం మీ కమిటీలో అందరికీ తెలియాలి, ఎందుకంటే మాంసం మానగానే అందరికీ మొదట తట్టేది పనీరే.

ఇక మన నేల సంగతి. తెనాలి వైపు మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లేవారు. వరి కోసి కుప్ప వేసేసరికి మొలకలు పైకి కనిపించేవి. దున్నేది లేదు, తడి పెట్టేది లేదు. నేలలో మిగిలిన పదును, చలికాలపు మంచు, అంతే. మినుము వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి కాబట్టి యూరియా అవసరం దాదాపు ఉండదు. యూరియా వేసిన నేల నుంచి నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచే వాయువు. అంటే పప్పు పంట మన కడుపూ నింపుతుంది, ఆ బెడదా తగ్గిస్తుంది. మన గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు తీసిన మినుము రకాలు రైతుల నోళ్లలో ఎల్‌బీజీ (లాం బ్లాక్ గ్రామ్) నంబర్లతో ఇప్పటికీ వినిపిస్తాయి.

తర్వాత మినుముకు ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు వచ్చింది, మొక్క రసం పీల్చి బతికే బంగారుతీగ అనే కలుపు అల్లుకుంది. చాలామంది మాగాణి మినుము వదిలేసి అదే నేలలో మొక్కజొన్న వేశారు. దానికి యూరియా బస్తాలు కావాలి, తడులు కావాలి. పండిన గింజలో చాలా భాగం కోళ్ల మేతకు పోతుంది. రైతును తప్పుపట్టడానికి లేదు, గిట్టుబాటు ఎటుంటే అటు వెళతాడు. మన ప్లేట్లలో కోడి పెరిగి, పప్పు పలచబడినకొద్దీ చేలు కూడా అటే తిరిగాయి. మళ్లీ ఇటు తిరగాలంటే పప్పు కొనేవాళ్లు ఉండాలి. రోజూ బస్తాల లెక్కన సరుకు కొనే మెస్‌లు కూడా అలాంటివాళ్లే.

మరి పిల్లల చేత తినిపించడం ఎలా? ఇంగ్లండులోని కేంబ్రిడ్జి యూనివర్సిటీలో దీన్ని పరీక్షించి చూశారు. 94 వేలకు పైగా భోజనాల లెక్కలు తీసి 2019లో ప్రచురించారు. ఎవరినీ ఏదీ తినొద్దనలేదు. నాలుగు కూరల్లో ఒకటే శాకాహారం ఉన్నచోట రెండు పెట్టారు. శాకాహారం అమ్మకాలు అంతకుముందు ఉన్నదాని మీద కనీసం 41 శాతం, ఒకచోట 79 శాతం దాకా పెరిగాయి. అందరికన్నా ఎక్కువ మార్పు వచ్చింది అంతకుముందు శాకాహారం జోలికే తక్కువగా వెళ్లినవాళ్లలో. మొత్తం అమ్మకాలు కూడా పెద్దగా తగ్గలేదు. కాంట్రాక్టరు అడ్డం చెబితే ఈ మాట చెప్పండి. తర్వాత మరో పరిశోధనలో గిన్నెల వరుస మార్చి చూశారు. గిన్నెలు పక్కపక్కనే ఉంటే వరుస వల్ల తేడా రాలేదు. మధ్య దూరం మీటరున్నర దాటినప్పుడు మాత్రం ముందున్నది ఎక్కువమంది తీసుకున్నారు. మీ కౌంటర్ పొడవుగా ఉంటే పప్పు, శనగల కూర మొదట పెట్టించండి, కోడికూర చివర్లో ఉంటుంది.

కానీ గిన్నె ముందుకు జరిపినంత మాత్రాన నీళ్ల పప్పు ఎవరూ తినరు. అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. హాస్టల్ పప్పులో గరిటె పెడితే అడుగు కనిపిస్తుంది, పలుకు పలుకుగానే ఉంటుంది. కందిపప్పు నానబెట్టకుండా పొయ్యి మీదికి ఎక్కించడం, ఉడకకముందే గోంగూరో చింతపండో వేసేయడం ఇందుకు కారణాలు. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు, గ్యాసూ దండగ. అరగంట నానబెట్టి, కుక్కర్లో మెత్తగా ఉడికించి, పులుపు తర్వాత వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువతో తాలింపు పెడితే అదే పప్పు కోసం లైను కడతారు. సోమవారం గోంగూర పప్పు, మరోరోజు దోసకాయ పప్పు, ఎండాకాలం మామిడికాయ పప్పు, ఒకరోజు ముద్దపప్పు, ఆవకాయ పెట్టించండి. పొద్దున పెసరట్టు ఉండాలి. కంది పచ్చడి, బొబ్బర్ల వడలు కూడా అడగండి. ఉలవచారు గంటల తరబడి మరగాలి కాబట్టి వారానికోసారి చాలు. చారు తీసిన ఉలవల్ని పారేయకుండా సాయంత్రం గుగ్గిళ్లు చేయించండి.

గుడ్డు మాత్రం తీసేయకండి. పల్లెల నుంచి వచ్చిన చాలామంది పిల్లలకు అది తక్కువ డబ్బుతో దొరికే బలం, కార్బన్ లెక్కలోనూ మాంసం కన్నా చాలా నయం. కోడికూర తినేవాళ్లను చిన్నబుచ్చే మాట ఒక్కటి కూడా మీ నోట రాకూడదు. మన దేశంలో తిండి పేరుతో ఒకరినొకరు నొప్పించుకోవడం ఇప్పటికే చాలా ఉంది.

అన్నం గురించి కూడా చెప్పాలి. నీళ్లు నిలిచిన వరి మడిలో గాలి ఆడక మీథేన్ పుడుతుంది. మధ్యమధ్య మడిని ఆరనిచ్చి తడిపే ఆరుతడి పద్ధతిలో అది బాగా తగ్గుతుంది, కానీ అది రైతులు, కాలువల వాళ్లు చేయాల్సిన పని. మీ చేతుల్లో ఉన్నది పారేసే అన్నం. చెత్తకుప్పలో కుళ్లే అన్నం నుంచి మళ్లీ మీథేన్ వస్తుంది. ప్లేట్లలో మిగిలింది రోజూ తూచి, ఎంతో బోర్డు మీద రాయండి. మొదటిసారి సగం గరిటె వడ్డించి, కావాలంటే మళ్లీ పెట్టమనండి. వారానికి ఒకపూట కొర్రన్నమో జొన్నరొట్టో పెట్టిస్తే అదీ మంచిదే.

ఇవన్నీ మీటింగులో తీర్మానం చేసి వంటగదికి కాగితం పంపకండి. ముందు వంటమాస్టర్ల దగ్గర కూర్చోండి. పెసరట్టుకు రుబ్బుడు పని పెరుగుతుంది, గోంగూర ఒలవడానికి మనుషులు కావాలి. వాళ్లకు ఇంకో గ్రైండరో, ఇంకో మనిషో కావాలంటే ఆ సంగతి వార్డెన్ గారితో మీరే మాట్లాడండి. వాళ్లు ఏమన్నారో, ఏ రోజుకు ఏ పప్పు ఖాయమైందో నాకు రాయండి. కందిపప్పు, మినప్పప్పు టోకున ఎక్కడ మంచివి దొరుకుతాయో నేను కనుక్కుని ఉంచుతాను.

ఇట్లు,
మీ తాతయ్య