బిళ్ల ముందు, పప్పన్నం తర్వాత

బ్రాడీపేటలో మా పక్కింటమ్మాయి మెదడు రసాయనాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. సెలవులకొస్తే పొద్దున షటిల్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం వీధివాళ్ల సందేహాలు. మొన్న ఎదురింటి పెద్దాయన అడిగారు: "అమ్మాయ్, ఈ వణుకు బిళ్ల పరగడుపున వేసుకుంటే చెయ్యి నా మాట వింటుంది. పప్పన్నం, పెరుగు తిన్నాక వేసుకుంటే వినదేం?"

ఎంత మంచి ప్రశ్న! (చెయ్యి వణికితే దిష్టి తీయించేవాళ్లు ఇంకా ఉన్నారు మరి.) పార్కిన్సన్స్‌లో అంటే ఈ వణుకు జబ్బులో, కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు తగ్గిపోతాయి. డోపమైన్‌నే బిళ్లగా ఇద్దామంటే రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాటదు. అందుకే దాని ముందురూపం ఎల్-డోపా ఇస్తారు.

పండగ ముందురోజు బెజవాడ బస్టాండులో గుంటూరు బస్సును తలుచుకోండి. ఆ బస్సు పేరు లాట్-1, గోడలో ఉండే రవాణా ప్రోటీన్. ఎల్-డోపాతో పాటు లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, ఫినైలలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలన్నీ అదే ఎక్కాలి. పప్పు, పెరుగు అరిగితే వచ్చేది ఈ గుంపే. మన ఇంటర్ కాలేజీల్లో వీటిని బిట్ల కోసం బట్టీ పట్టిస్తారు, తోసుకుంటాయని మాత్రం చెప్పరు! గుంపు ఎగబడితే ఎల్-డోపా కిందే మిగిలిపోతుంది. పేగు దగ్గరా ఇలాంటి తోపులాటే. ఇంకో చిక్కు: బస్టాండులోనే, అంటే మెదడు బయట ఒంట్లోనే, డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఎల్-డోపాను డోపమైన్‌గా మార్చేస్తుంది. అలా మారినదాన్ని బస్సు ఎక్కించుకోదు, పైగా వికారం, వాంతులు. అందుకే బిళ్లలో కార్బిడోపా కలుపుతారు. అది ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది, తను మాత్రం బస్సెక్కదు. కాబట్టి మెదడు లోపల జరగాల్సిన మార్పు జరుగుతుంది.

భోజనానికి అరగంట ముందు వేసుకోమనేది ఇందుకే. కొందరికి పప్పు, పెరుగు ఎక్కువభాగం రాత్రికి జరపమంటారు. డాక్టర్ని అడగకుండా మార్చుకోకండి.

1957లో స్వీడన్‌లో శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఇచ్చి కదలకుండా చేశాడు. అది మన సర్పగంధిలో ఉండే మందే. తర్వాత డోపా ఎక్కిస్తే అవి లేచి తిరిగాయి. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు, నోబెల్ వచ్చేసరికి 2000.

ఒళ్లంతా దురదపెట్టే దూలగొండి గింజల్లోనూ ఎల్-డోపా ఉంది. ఈ మాట చెప్పగానే పొడి ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ఏ గింజలో ఎంతుందో కొలత ఉండదు. కార్బిడోపా అసలే లేదు కాబట్టి చాలాభాగం బస్టాండులోనే డోపమైన్ అయిపోతుంది.