దుష్టులు వర్ధిల్లడం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

నరసాపురం చుట్టుపక్కల గ్రామాల్లో బైబిలు పాఠాలు చెప్పే నన్ను, చెడ్డవాళ్లు బాగుపడటం చూసి కలతపడ్డ ఆసాపు అనే కవి పాడిన 73వ కీర్తన దగ్గర ఎవరో ఒకరు ఆపుతూనే ఉంటారు. ఈసారి ఆపినది ఒక పెద్దావిడ. పక్క భూమిలో తవ్విన రొయ్యల చెరువు నుంచి ఉప్పునీరు ఊరి తమ వరిచేను ఆకుల కొనలు మాడిపోయాయని, ఆ చెరువుగలాయన మాత్రం మేడ మీద మేడ వేశాడని చెప్పి, "అయ్యగారూ, దేవుణ్ణి ఇదేమిటని అడిగితే పాపమా?" అన్నారు.

అపోహ: అలా అడగడం అవిశ్వాసం.

వాస్తవం: ప్రవక్త యిర్మీయా తన గ్రంథం 12వ అధ్యాయం మొదట్లోనే, దుష్టులెందుకు వర్ధిల్లుతున్నారని దేవుణ్ణి అడిగాడు; ప్రవక్త హబక్కూకు, అన్నీ పోగొట్టుకున్న యోబు కూడా అడిగారు. ఆసాపు అయితే గర్విష్ఠుల క్షేమాన్ని చూసి అసూయపడ్డానని, కాలు జారడానికి కొంచెమే తప్పిందని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలునే ఆరాధనలో పాడుకునే కీర్తనగా నిలుపుకున్నారు.

అపోహ: దుష్టుడు మన కళ్లముందే కూలిపోతాడు.

వాస్తవం: యూదా రాజులందరిలో ఎక్కువకాలం, 55 ఏళ్లు, ఏలినవాడు యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపిన మనష్షే (బైబిలులోని దినవృత్తాంతాల గ్రంథం అతని పశ్చాత్తాపాన్నీ చెబుతుంది). నీతిమంతుడైన రాజు యోషీయా మాత్రం 39 ఏళ్లకే మెగిద్దో దగ్గర యుద్ధంలో బాణం దెబ్బకు చనిపోయాడు. తోట ఇవ్వనన్న నాబోతు చావుకు కారణమై అతని ద్రాక్షతోటను స్వాధీనం చేసుకున్న ఇశ్రాయేలు రాజు ఆహాబు తనను తాను తగ్గించుకున్నందుకు, అతని ఇంటి మీదికి రావలసిన కీడు కొడుకు కాలానికి వాయిదా పడింది. ఆ వాయిదా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. భక్తిహీనులు కొంతకాలానికి లేకపోతారని 37వ కీర్తన అంటుంది గాని, ఆ కాలమెంతో చెప్పదు.

అపోహ: నష్టపోయినవాడు పాపి.

వాస్తవం: ఇది యోబు స్నేహితుల వాదం, దేవుడు దానిని తప్పుబట్టాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటే అపరాధులు కారని యేసు అన్నాడు. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని కూల్చినప్పుడు ఏ తోట ఎవరిదని చూడలేదు. అయినా మన వేదికల మీద ఈ వాదమే ఎక్కువగా వినిపిస్తుంది.

ఆసాపు మనసు తిరిగింది 73వ కీర్తన 17వ వచనంలో, పరిశుద్ధ స్థలంలోకి వెళ్లి వారి అంతమేమిటో గ్రహించినప్పుడు. కీర్తన ముగిసేసరికి అతనికి దక్కినది దేవుని సహవాసమే తప్ప వారి ఆస్తి కాదు. ఇదంతా చెప్పి, ఓర్చుకోవడమంటే నోరు మూసుకోవడం కాదని, నాబోతు సాక్షాత్తూ రాజుకే తోట ఇవ్వనన్నాడని కూడా ఆవిడకు చెప్పాను.

"అయితే సోమవారానికి అర్జీ మీరే రాసిపెట్టండి" అన్నారావిడ, సర్వే నంబరున్న కాగితం చీరకొంగు ముడి విప్పి తీస్తూ.