కుక్కర్ కూతలో పోయే గ్యాస్

హాల్లో ఎవరూ లేకుండా లైటు వెలుగుతుంటే చాలు, మా నాన్న కేకేస్తారు: "కరెంటు ఊరికే వస్తోందా?" ఆ సమయంలోనే బాత్రూంలో గీజరు అరగంట నుంచి ఆన్‌లో ఉంటుంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

లెక్క వేస్తే కేక ఎటు వేయాలో తెలుస్తుంది. 15 లీటర్ల గీజరులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగాలంటే సుమారు 0.6 యూనిట్ కరెంటు కావాలి. అదే కరెంటుతో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 66 గంటలకు పైగా, అంటే దాదాపు మూడు రోజులు వెలుగుతుంది. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే తయారవుతుంది కాబట్టి యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. వెలుతురు ఇప్పుడు చవకైపోయింది. బిల్లును మింగేది వేడే.

కాగిన నీళ్లు గీజరులో మిగిలిపోతే ఆ వేడి మెల్లగా గాలిపాలవుతుంది. అందుకే ఇంట్లో అందరూ వెంటవెంటనే స్నానాలు కానిచ్చేయడం మేలు. మా ఇంట్లో ముందెవరు వెళ్లాలన్న గొడవ మాత్రం ఇంకా తేలలేదు.

వంటింట్లో ఇంకా తమాషాగా ఉంటుంది. కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి పెరగడం వల్ల నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగిపోకుండా సుమారు 120 దాకా వేడెక్కుతాయి. కందిపప్పు త్వరగా మెత్తబడేది అందుకే. ఒత్తిడి హద్దు దాటగానే వెయిట్ లేచి కూత వేస్తుంది. అంటే, మంట అవసరానికి మించి వస్తోందని కుక్కర్ మొరపెట్టుకుంటోందన్నమాట. మనమేమో ఆ మొరనే గడియారంలా వాడుకుంటున్నాం: అన్నానికి మూడు, పప్పుకు నాలుగు. మంట పెంచితే కూతలు పెరుగుతాయి గానీ లోపలి వేడి పెరగదు. మొదటి కూత రాగానే సిమ్‌లో పెట్టి, ఆ తర్వాత నిమిషాలు చూసుకుంటే సరిపోతుంది.

మూత లేని గిన్నెలో కుతకుత ఉడికించడం ఇంతకన్నా దండగ. లీటరు నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ లీటరంతా ఆవిరైపోవడానికి దానికి ఏడు రెట్లకు పైగా కావాలి. పప్పు ముందే నానబెడితే నీళ్లు గింజ లోపలికి మంటతో పనిలేకుండానే చేరిపోతాయి.

సిలిండర్‌లో ఉండే గ్యాస్ 14.2 కిలోలు. అదంతా మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 42 కిలోల పైమాటే. ఉన్నదానికి మూడింతలు ఎలా వస్తుందంటే, గ్యాస్‌లోని కార్బన్ మండేటప్పుడు తనకన్నా బరువైన ఆక్సిజన్‌ను గాలిలోంచి కలుపుకుంటుంది.

ఇక వేసవి. కొత్త ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర ఉండాలన్నది 2020 నుంచి దేశంలో ఉన్న నిబంధన. మనం రిమోట్ తీసుకుని 18కి దించుతాం. బయట 40 ఉంటే తేడా 22 డిగ్రీలు. ఆ తేడా ఎంత పెరిగితే గోడల్లోంచి వేడి అంత జోరుగా లోపలికి వస్తుంది. ఒక్క డిగ్రీ పెంచినా సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని అంచనా.

పై అంతస్తులో ఉండేవాళ్లకు అసలు శత్రువు స్లాబు. పగలంతా ఎండను తాగి, రాత్రి మన నెత్తిన కక్కుతుంది. ఫ్యాను వేస్తే వేడిగాలే. తెల్లటి పైకప్పు ఎండను చాలావరకు వెనక్కి తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. ఖరీదైన పెయింటే అక్కర్లేదు, సున్నమూ పనిచేస్తుంది. కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేయించుకోవాలి.

మేము మొన్న మార్చిలో డాబాకు రెండు పూతలు వేయించాం. నాన్న మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిచి చూసి, కాలుతోంది గానీ నిలబడొచ్చు అన్నారు. అమ్మకు మాత్రం కోపంగా ఉంది. ఆ తెలుపుకి కళ్లు జిగేలుమంటున్నాయట, వడియాలు తిరగేయడానికి పొద్దువాలేదాకా ఆగాల్సి వస్తోందట.