కోరిలేషన్ సున్నా వస్తే సంబంధం లేనట్టేనా?

దిల్‌సుఖ్‌నగర్‌లో బీకాం పిల్లలకు స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెబుతాను. కోరిలేషన్, అంటే సహసంబంధ గుణకం, అదే మనం 'ఆర్' అనేది, ఫార్ములాలో వేసి తీయడం అందరికీ వచ్చు. రెండు విషయాలు ఒకదానితో ఒకటి ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే అంకె ఇది; -1 నుంచి 1 దాకా ఉంటుంది. వచ్చిన అంకెకి అర్థమేంటని అడిగితేనే తలలు కిందికి దిగుతాయి.

అపోహ: ఆర్ సున్నా వస్తే రెండింటికీ సంబంధం లేనట్టే.

దీన్ని నేను చాయ్‌తో చెబుతాను. చక్కెర 0, 1, 2, 3, 4 చెంచాలు వేసి ఐదు కప్పులు కలిపారనుకోండి. రుచికి పడ్డ మార్కులు వరసగా 1, 4, 5, 4, 1. రెండు చెంచాల కప్పు అదిరింది. మొదటిది చప్పన, చివరిది పాకం. చక్కెరకీ రుచికీ సంబంధం లేదని ఎవరైనా అంటారా?

ఇప్పుడు లెక్క కట్టండి. చక్కెర సగటు 2, మార్కుల సగటు 3. సగటు నుంచి తేడాలు తీసి, జతలు జతలుగా గుణిస్తే 4, -1, 0, 1, -4. కూడితే సున్నా. ఆర్ కూడా సున్నాయే! ఒక్కో జతని గ్రాఫు మీద ఒక్కో చుక్కగా పెడితే, ఆ చుక్కలు ఒక వాలు సరళరేఖకి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ఆర్ చూస్తుంది. వంపు దాని కంటికి ఆనదు.

అపోహ: "ఆర్ పాయింట్ ఎయిట్ అంటే ఎయిటీ పర్సెంట్ సంబంధం కద సార్?"

కాదు. వర్గం చేస్తే 0.64. చదివిన గంటలకీ మార్కులకీ ఆర్ 0.8 వచ్చిందనుకోండి, మార్కుల హెచ్చుతగ్గుల్లో 64 శాతాన్ని ఆ సరళరేఖ వివరిస్తుందని దానర్థం. ఆర్ 0.5 అయితే 25 శాతమే.

అపోహ: 0.9 దాటిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

నలుగురు పిల్లలు. చదివిన గంటలు, పదికి వచ్చిన మార్కులు: (1,1), (1,2), (2,1), (2,2). ఆర్ సున్నా. పది గంటలు చదివి పదికి పది తెచ్చుకున్న ఐదోవాణ్ని కలపండి. ఆర్ ఒక్కసారిగా 0.98! మిగతా నలుగురిలో మారిందేమీ లేదు.

1973లో ఆన్‌స్కోంబ్ అనే గణాంకవేత్త నాలుగు దత్తాంశాలు (అంకెల పట్టికలు) తయారుచేశాడు. నాలుగింటికీ ఆర్ దాదాపు 0.816. గ్రాఫు గీస్తే ఒకటే మామూలుగా ఉంటుంది. ఇంకోటి వంపు తిరిగి ఉంటుంది. మిగతా రెండింటినీ చెరో చుక్క పాడుచేస్తుంది.

ఇక కారణం సంగతి. ఆర్ ఎక్కువ వచ్చినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కాదు. ఎండాకాలంలో కొబ్బరిబోండాల అమ్మకమూ పెరుగుతుంది, ఇంట్లో కరెంటు బిల్లూ పెరుగుతుంది. బోండాం తాగితే మీటరు తిరగదు కదా.

అందుకే నా క్లాసులో ముందు గ్రాఫు మీద చుక్కలు, ఆ తర్వాతే ఫార్ములా. "ప్రశ్నలో గ్రాఫు అడగలేదు కద సార్" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు సణుగుతారు.