బంతి లేనప్పుడు చూడండి

మల్లేశ్వరం, బెంగళూరు

చిన్నారులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మారతహళ్లిలో మీ ఇంటికి వచ్చినప్పుడు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్ చూస్తూ, పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని "వీడు వేస్ట్" అన్నారు. పది పాయింట్లు కూడా కొట్టలేదని. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ మాటే మనసులో మెదిలింది.

ఒకప్పుడు మా వీధి కోర్టులో పిల్లల్ని ఆడించేవాణ్ని. పన్నెండేళ్ల కుర్రాడొకణ్ని పొట్టిగా ఉన్నాడని బెంచ్ మీదే కూర్చోబెట్టాను. రెండేళ్లలో నాకంటే పొడుగయ్యాడు. అప్పటికే ఆట మానేశాడు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

పెద్ద పెద్ద జట్లు కూడా ఇలాగే పొరబడతాయి. ఏటా ఎన్‌బీఏ జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 2013 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు తీసుకున్నది ఆంథొనీ బెన్నెట్‌ని. నాలుగు సీజన్లతో అతని ఎన్‌బీఏ ఆట ముగిసింది. అదే ఏడు 15వ స్థానంలో వెళ్లిన గ్రీసు కుర్రాడు యానిస్ బక్కపలచగా ఉండేవాడు. తొలి సీజన్‌లో మ్యాచ్‌కి సగటున ఏడు పాయింట్లు కూడా లేవు. అతనే 2021 ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో 50 కొట్టి కప్పు గెలిపించాడు.

ఇక నికోలా యోకిచ్. 2014 డ్రాఫ్ట్‌లో 40 మందిని తీసుకున్నాక 41వ వాడిగా పిలిచారు. పెద్దగా ఎగరలేడు, పరుగూ అంతంతమాత్రమే. కానీ బంతి చేతికి రాకముందే అది ఎవరికి వెళ్లాలో అతనికి తెలిసిపోతుంది. ఆ చూపుని ఏ టేపుతో కొలుస్తారు? డెన్వర్ జట్టుకి 2023లో టైటిల్ తెచ్చాడు.

ఎత్తు మాత్రం టేపుకి దొరుకుతుంది. మన పంజాబ్ నుంచి వెళ్లిన ఏడడుగుల సత్నామ్ సింగ్‌ని 2015లో డాలస్ జట్టు 52వ స్థానంలో తీసుకున్నప్పుడు వీధంతా స్వీట్లు పంచాను. డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు. పాపం, ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడే అవకాశం రాలేదు.

మరి ఏం చూడాలంటారా? ముందు వయసు. పందొమ్మిదేళ్లవాడి పన్నెండు పాయింట్లూ, ఇరవైమూడేళ్లవాడి పన్నెండు పాయింట్లూ ఒకటి కావు. తర్వాత ఫ్రీ త్రోలు, అంటే ఎదుటివాడు ఫౌల్ చేస్తే గీత దగ్గర నిలబడి వేసే షాట్లు. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, త్రీ పాయింటర్లు, కొన్ని రోజులు అదృష్టంతో కూడా పడతాయి. ఫ్రీ త్రో దగ్గర ఎవరూ అడ్డురారు, దూరం ఎప్పుడూ పదిహేను అడుగులే. అక్కడ చెయ్యి నిలకడగా ఉన్నవాడికి దూరం నుంచి వేయడం మెల్లగా అబ్బుతుంది. ఎన్ని నిమిషాలు ఆడించారో కూడా చూడాలి. పది నిమిషాలకే బెంచ్ మీదికి పిలిస్తే పాయింట్లు ఎక్కడివి?

వచ్చే ఆదివారం పొద్దున ఒక్క క్వార్టర్, అంటే మ్యాచ్‌లో నాలుగో వంతు, బంతిని వదిలేసి ఆ కుర్రాణ్నే చూడండి. బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తుతున్నాడా? పక్కవాడికి దారి వదులుతూ జరుగుతున్నాడా? కోచ్ అరిచాక అదే తప్పు మళ్లీ చేశాడా? చూసింది చూసినట్టు కాగితం మీద రాసిపెట్టండి. సాయంత్రం వచ్చి చదువుతాను.

ఇట్లు,
మీ తాతయ్య