శనివారం నాలుగు గంటల కుస్తీ

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోనులో మీ అన్నదమ్ముల వాదం విన్నాను. అమెరికా కుస్తీ ప్రదర్శన డబ్ల్యూడబ్ల్యూఈలో ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారని చిన్నవాడు ఎక్కడో చదివి, అలాంటిదాన్ని చూడటమే దండుగ అంటున్నాడు. పెద్దవాడు దానికి సమాధానం చెప్పలేక ఉడుక్కుంటున్నాడు. తీర్పు చెప్పమని ఇద్దరూ నన్నే అడిగారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. నేను 1970లలో ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో డాక్టరుగా పనిచేసేటప్పుడు అక్కడి టీవీలో ప్రతి శనివారం వచ్చిన కుస్తీ కార్యక్రమం గురించి చెబుతాను. మీ తగువు దానితోనే తేలవచ్చు.

ఆ దేశంలో పెద్ద పోటీల ప్రసార హక్కులు చాలావరకు బీబీసీ చేతిలో ఉండేవి. పోటీగా ఉన్న ప్రైవేటు చానెల్ ఐటీవీ 1965 జనవరిలో ‘వరల్డ్ ఆఫ్ స్పోర్ట్’ అనే శనివారపు కార్యక్రమం మొదలుపెట్టింది. మధ్యాహ్నమంతా గుర్రప్పందాల వంటివి చూపించి, నాలుగు గంటలకు కుస్తీ వేసేవారు. అయిదుకు కొంచెం ముందు ఫుట్‌బాల్ ఫలితాలు చదివేవారు కాబట్టి, వాటి కోసం టీవీ ముందు చేరిన కుటుంబమంతా కుస్తీ కూడా చూసేది. ఐటీవీలో కుస్తీ అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1955 నవంబరులోనే మొదలైంది. మొదటినుంచి చివరిదాకా వ్యాఖ్యాత ఒకరే, ఆయన పేరు కెంట్ వాల్టన్. కేకలు వేయకుండా, పక్కన కూర్చుని వివరిస్తున్నట్లు ఏ పట్టు ఎందుకు వేశాడో చెప్పేవాడు. నాకు కుస్తీ పట్ల ఉన్న కాస్త పరిజ్ఞానం ఆయన పెట్టిన భిక్షే.

మీరు ఇప్పుడు చూసే దానికీ దానికీ పోలిక తక్కువ. మెరుపు దీపాలు, బాణసంచా, పాటతో ప్రవేశం వంటివి ఉండేవి కావు. ఊళ్లలోని టౌన్ హాళ్లలోనూ, ఈతకొలను మీద చెక్కలు పరిచిన స్నానశాలల్లోనూ రింగ్ వేసేవారు. అయిదు నిమిషాలకు ఒక రౌండు, మధ్యలో అర నిమిషం విశ్రాంతి. ప్రత్యర్థిని రెండుసార్లు చిత్తు చేసినవాడు, అంటే భుజాలు రెండూ నేలకు ఆనేలా అదిమిపెట్టినవాడు, లేదా పట్టు బిగించి రెండుసార్లు ఓటమి ఒప్పించినవాడు గెలిచినట్లు. పది అంకెలు లెక్కపెట్టేలోగా లేవలేకపోతే ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. కింద పడినవాణ్ని లేవనివ్వకుండా కొట్టడం తప్పు. తప్పు చేస్తే రిఫరీ బహిరంగంగా హెచ్చరిస్తాడు, మూడో హెచ్చరికతో ఆట నుంచి తొలగిస్తాడు. ఈ నియమాలను 1947లో అడ్మిరల్ లార్డ్ మౌంటెవాన్స్ అధ్యక్షతన ఒక సంఘం తయారుచేసింది. ఈయన కెప్టెన్ స్కాట్ వెంట దక్షిణ ధ్రువ ప్రాంతానికి వెళ్లివచ్చిన నావికాధికారి. అలాంటి మనిషికి కుస్తీ వ్యవహారం ఎందుకు అప్పజెప్పారా అని నాకిప్పటికీ నవ్వొస్తుంది గాని, నియమాలు మాత్రం గట్టిగా రాశారు. ఏడు బరువు తరగతులు పెట్టడం వల్ల సన్నగా, చురుగ్గా ఉన్నవాళ్లకు కూడా రింగులో చోటు దొరికింది.

అలా చోటు దొరికినవారిలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు జానీ సెయింట్. తేలిక బరువు తరగతి మల్లుడు. ప్రత్యర్థి ఇతని మణికట్టు పట్టి మెలితిప్పాడనుకోండి. మనమైతే నొప్పికి చేతిని వెనక్కి లాక్కుంటాం. సెయింట్ అలా చేయడు. మెలిక ఏ వైపు తిరుగుతుందో ఆ వైపుకే తానూ ముందుకు దొర్లి లేచేసరికి మెలిక విడిపోతుంది, ఎదుటివాడి మణికట్టే ఇతని చేతిలో ఉంటుంది. ఒక్కోసారి రింగు మధ్యలో మోకాళ్లు గడ్డానికి ఆనించి, చేతులు లోపలికి ముడిచి ఉండలా చుట్టుకుని పడుకునేవాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక ప్రత్యర్థి చుట్టూ తిరిగి, చివరికి వంగి చెయ్యి పెట్టగానే ఆ చేతినే అందుకుని అవతలికి దొర్లించేవాడు. హాలంతా చప్పట్లు. దెబ్బ అన్నది ఒక్కటి కూడా లేకుండా ఒక రౌండు మొత్తం అలా నడిచిపోయేది.

ఇందులో ఒక రహస్యం ఉంది, వైద్యుడిని కాబట్టి అది నా కళ్లకు త్వరగా కనబడింది. ఒక మనిషిని భుజం మీదుగా విసిరినప్పుడు విసిరినవాడు అతని చేతిని చివరిదాకా వదలడు. పడే వేగాన్ని ఆ చెయ్యే అదుపు చేస్తుంది. పడేవాడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, వీపంతా ఒకేసారి నేలకు తగిలేలా పరుచుకుంటాడు, లేకపోతే తల వెనక భాగం గట్టి చెక్కలకు కొట్టుకుంటుంది. ఇద్దరిలో ఎవరు అరక్షణం తడబడినా మెడ విరిగే పని. ఎదుటివాడి ఒళ్లు తన చేతిలో భద్రంగా ఉంచుతూనే అతన్ని చంపేస్తున్నట్లు కనిపించాలి. దీన్ని నేర్వడానికి ఏళ్లు పట్టేది. అందుకే ఇంట్లో మంచాల మీద ఈ విద్యలు ప్రయత్నించవద్దని మీ అమ్మ ఎన్నిసార్లు చెప్పినా అది సరైన మాటే. లాంకషైర్‌లోనే విగన్ అనే బొగ్గుగనుల ఊళ్లో బిల్లీ రైలీ నడిపిన తాలింఖానా ఒకటి ఉండేది. అక్కడ నేర్పింది నిజమైన కుస్తీ, ఒప్పందాలు లేనిది. ఆ తాలింఖానాలో కీళ్లు అరగదీసుకున్నవాళ్లు టీవీలో కనిపించినప్పుడు పట్టు బలం చూస్తేనే తెలిసేది.

ఇక దుష్టపాత్రల సంగతి చెప్పకపోతే కథ సగమే. మిక్ మెక్‌మానస్ పొట్టిగా, నల్లరంగు వేసిన జుట్టుతో ఉండేవాడు. రిఫరీ అటు తిరగగానే గుద్దడం, ఇటు తిరగగానే ఏమీ ఎరగనట్లు చేతులు చాపడం అతని పద్ధతి. ఎవరైనా అతని చెవులు పట్టుకుంటే మాత్రం “చెవులొద్దు, చెవులొద్దు” అని గగ్గోలు పెట్టేవాడు. బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చిన జిమ్ బ్రేక్స్ మరో రకం. ప్రత్యర్థి చేతిని మెలిపెట్టి ఆ చేతితోనే మనిషిని నేలమీంచి పైకెత్తే ఘనుడు, తనకు దెబ్బ తగిలితే పసివాడిలా ఏడుపు మొహం పెట్టేవాడు. జనం ఒక్క గొంతుతో ఏడుపుగొట్టు అని వెక్కిరించేవారు. వీళ్లను తిట్టడంలో ముందుండేది ముసలమ్మలు. హాళ్లలో చేతిసంచులతో, గొడుగులతో మల్లుల్ని కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. మా ఆసుపత్రి వార్డులో తుంటి విరిగి మంచాన పడిన ఒకావిడ, మిగతా వారమంతా మంచినీళ్లు కూడా మెల్లగా అడిగే మనిషి, మెక్‌మానస్ కనబడితే చాలు, రిఫరీకి కళ్లు లేవా అని దిండు ఎత్తేది. రక్తపోటు చూడటానికి ఆ సమయంలో వెళ్లవద్దని నర్సులు నాకు ముందే చెప్పారు.

ఆమెకు అది ముందే అనుకున్న ఆట అని తెలియదా? చాలామందికి తెలుసు, కనీసం అనుమానం ఉంది. జాకీ పల్లో అనే పేరుమోసిన మల్లుడు 1985లో పుస్తకం రాసి లోపలి గుట్టంతా విప్పాడు. తోటివాళ్లు అతని మీద మండిపడ్డారు గాని, చూసేవాళ్లలో నివ్వెరపోయినవాళ్లు తక్కువే. మన ఊళ్లలో పౌరాణిక నాటకానికి పోయినవాడికి చివరికి దుర్యోధనుడు పడతాడని తెలియదా? తెలిసే తెల్లవార్లూ కూర్చుంటాడు. పద్యం ఎలా ఎత్తుకున్నాడు, రాగం ఎక్కడ నిలబెట్టాడు అన్నదే అతని పట్టింపు. శనివారం కుస్తీని నేను అలాగే చూశాను. చిన్నవాడు అడిగినదానికి నా జవాబు ఇదే: ఫలితం ముందే నిర్ణయమైనా పనితనం ముందే నిర్ణయం కాదు, అది ప్రతి శనివారం కొత్తగా చేసి చూపవలసిందే.

పనితనం లేకపోతే ఏమవుతుందో కూడా అదే కార్యక్రమం చూపించింది. 1970ల మధ్య నుంచి బిగ్ డాడీ అనే భారీ మనిషి ముందుకొచ్చాడు. అసలు పేరు షర్లీ క్రాబ్‌ట్రీ, పోటీలు ఏర్పాటుచేసే మాక్స్ క్రాబ్‌ట్రీకి స్వయానా అన్న. పిల్లలకు అతనంటే ప్రాణం. “ఈజీ, ఈజీ” అని వేలమంది చప్పట్లు కొడుతుంటే పొట్టతో ఎదుటివాణ్ని గుద్ది పడేసేవాడు. జట్టు పోటీల్లో పాపం పక్కనున్న కుర్రవాడు పావుగంట దెబ్బలు తింటే, ఈయన చివర్లో వచ్చి గెలుపు అందుకునేవాడు. 1981లో వెంబ్లీలో జైంట్ హేస్టాక్స్ అనే ఆరడుగుల పదకొండంగుళాల పర్వతంతో తలపడితే, ఎంతో కాలంగా ఊరించిన ఆ పోటీ మూడు నిమిషాలైనా నడవలేదు. మీ నాన్న అప్పుడు మీ వయసువాడే, బిగ్ డాడీ భక్తుడు కూడా, కాబట్టి నా మాట ఆయనకు రుచించదు. కానీ పొట్ట గుద్దులు చూడటానికి అలవాటుపడిన జనానికి సెయింట్ దొర్లుడు ఎవరు వివరిస్తారు? కుర్ర మల్లులు ఒక్కొక్కరే విదేశాలకు వెళ్లిపోయారు. 1987 ఆగస్టులో గ్రేట్ యార్మత్‌లో బిగ్ డాడీ తన మీద పడిన తరువాత మాల్ కిర్క్ అనే మల్లుడు రింగులోనే కుప్పకూలి చనిపోయాడు. అతనికి తీవ్రమైన గుండెజబ్బు ఉందని, తప్పు ఎవరిదీ కాదని విచారణలో తేలింది. అయినా చూసేవాళ్ల మనసు విరిగింది.

అప్పటికే 1985 సెప్టెంబరులో ‘వరల్డ్ ఆఫ్ స్పోర్ట్’ ఆగిపోయి, కుస్తీని వేరే వేళకు నెట్టారు. కొన్ని వారాలు అమెరికా కుస్తీని దానికి బదులుగా వేయడం కూడా మొదలైంది. రెండూ పక్కపక్కన చూస్తే బ్రిటన్‌ది పాతబడిందని చిన్నపిల్లలకే అర్థమైంది. ఐటీవీ క్రీడా విభాగం పెద్ద గ్రెగ్ డైక్‌కు ఆ ఆట మీద గౌరవం లేదు. 1988 డిసెంబరులో చివరి ప్రసారం వచ్చింది.

ఆ పని నేర్చినవాళ్లు మాత్రం మీరు చూసే చోటికే చేరారు. విగన్ పక్క గోల్బోర్న్ కుర్రవాడు టామ్ బిల్లింగ్టన్ డైనమైట్ కిడ్ పేరుతో జపాన్‌ను, అమెరికాను ఊపేశాడు. అతని బంధువు డేవీ బాయ్ స్మిత్ 1992లో వెంబ్లీ స్టేడియంలో వేలాదిమంది ముందు బ్రెట్ హార్ట్‌ను ఓడించాడు. బ్లాక్‌పూల్‌లో మొదలైన విలియం రీగల్ పేరు పెద్దవాడికి తెలిసే ఉంటుంది. జానీ సెయింట్‌ను 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ తన బ్రిటన్ విభాగానికి జనరల్ మేనేజరుగా కూర్చోబెట్టింది.

పాత ప్రసారాలు ఇప్పుడు వెతికితే దొరుకుతాయి. బిగ్ డాడీతో మొదలుపెట్టవద్దు. సెయింట్, బ్రేక్స్ తలపడిన పోటీ ఒకటి చూడండి, మొదటి రౌండు నెమ్మదిగా ఉందని ముందుకు తిప్పకండి. మణికట్టు పట్టిన చోట కాసేపు ఆపి, ఎవరి పాదం ఎటు తిరిగిందో గమనించి, మళ్లీ నడపండి. వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు మొదటి చిత్తు ఎవరు ఎలా చేశారో చిన్నవాడే నాకు చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య