ఫోర్ వీల్ డ్రైవ్ బండి, మొండి నట్లు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఎంత లాగినా రావట్లేదు. ఇంకో రెండడుగుల గొట్టం తొడగమంటావా?" ఆదివారం వచ్చిందంటే ఇలాంటి ఫోన్లు తప్పవు. అవతలి మనిషి అప్పటికే బండి కింద చెమటలు కక్కుతుంటాడు. ఆటోనగర్‌లో యాక్సిల్ హౌసింగ్ (చక్రాల మధ్య గేర్లుండే డబ్బా) పనులు చేసే ఎవర్నడిగినా ఇదే చెబుతారు. ముందు గొట్టం పక్కన పెట్టి, గుడ్డతో నట్టు ముఖం తుడిచి, టార్చి వేసి చూడండి.

అపోహ: నట్టు రాలేదంటే బలం చాల్లేదు.

80 కిలోల మనిషి మీటరు పొడుగు రాడ్డు చివర నిలబడితే నట్టు మీద 780 న్యూటన్ మీటర్ల పైచిలుకు తిప్పే బలం పడుతుంది. ముందు చక్రం యాక్సిల్ నట్టుకి కంపెనీ చెప్పే బిగింపు చాలా బళ్లలో 200-300 దరిదాపుల్లోనే ఉంటుంది. అంత బలానికీ కదల్లేదంటే దాన్ని ఇంకేదో పట్టుకుని ఉందన్నమాట. చాలాసార్లు నట్టు అంచుని షాఫ్టు గాడిలోకి కొట్టి నొక్కేసి ఉంటారు. సన్న ఉలితో ఆ నొక్కుని పైకి లేపాకే సాకెట్ పెట్టాలి. లేపకుండా లాగితే నట్టు రావడమైతే వస్తుంది, షాఫ్టు మరలు కూడా దాంతోపాటే వస్తాయి. ఆ రకం నట్టు ఒక్కసారికే, బిగించేటప్పుడు కొత్తది వేయాలి. కొన్నిటికి స్ప్లిట్ పిన్ (నట్టు తిరగకుండా అడ్డం దూర్చే రెండు కాళ్ల తీగ) ఉంటుంది. గ్రీజు, మట్టి కలిసి అట్ట కట్టేసరికి అది కనపడదు. ఎర్ర లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) రాసిన బోల్టయితే సుమారు 250 డిగ్రీల వేడి తగిలితే గానీ మెత్తబడదు. దాని మీద ఎన్ని స్ప్రే డబ్బాలు ఖాళీ చేసినా డబ్బు దండగ.

అపోహ: పినియన్ (ఇంజను బలాన్ని హౌసింగ్‌లోకి తెచ్చే చిన్న గేరు) నట్టు ఎంత బిగిస్తే అంత మంచిది, ఇంపాక్ట్ గన్ (దడదడ కొట్టి తిప్పే మిషను) పెట్టి ఊడదీసి గన్‌తోనే బిగించెయ్యొచ్చు.

జనం జేబులకి చిల్లు పెట్టేది ఇదే. మిగతావాటికి నట్టో బోల్టో పోతుంది, దీనికి పినియనూ, అది తిప్పే పెద్ద క్రౌన్ గేరూ జతగా పోతాయి.

మొన్న గుంటూరు నుంచి ఒక కుర్రాడు బండి తెచ్చాడు. పినియన్ ఆయిల్ సీల్ కారుతుంటే ఇంట్లోనే మార్చుకున్నాడు. సీల్ చక్కగా కూర్చుంది, చుక్క కారడం లేదు. కానీ 60 దాటితే హౌసింగ్ కూస్తోంది. "నట్టు ఫుల్ టైట్ చేశానన్నా, అయినా కూస్తోంది" అన్నాడు. ఫుల్ టైట్ చేశావు కాబట్టే కూస్తోంది తమ్ముడూ అన్నాను. పాపం, వాడి ముఖం చూస్తే జాలేసింది. బ్యాటరీ గన్ కొత్తగా కొన్నాడట.

చాలా బళ్లలో పినియన్ రెండు బేరింగుల మధ్య పల్చటి స్లీవ్ ఒకటి ఉంటుంది. నట్టు బిగించే కొద్దీ అది నలుగుతుంది. ఎంత నలిగిందన్నదాన్ని బట్టే బేరింగు మీద ఒత్తిడి ఉంటుంది. నట్టుకి వందల న్యూటన్ మీటర్లు పెడతాం గానీ, ఆ తర్వాత చేత్తో పినియన్ తిప్పడానికి పట్టాల్సింది మామూలుగా ఒకటి నుంచి మూడు న్యూటన్ మీటర్లే. గన్ ఆ గీతని కన్నుమూసి తెరిచేలోగా దాటేస్తుంది. దాటాక వెనక్కి వదులు చేస్తే సరిపోతుందనుకోకండి. నలిగిన రేకు డబ్బా మళ్లీ నిటారుగా రాదు, స్లీవూ అంతే. వదులు చేస్తే పినియన్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది, వదలకపోతే బేరింగు కాలిపోతుంది. రెండు దారులూ క్రౌన్ పళ్ల దగ్గరికే వెళ్తాయి. పాత జీపు హౌసింగుల్లో కొన్నిటికి స్లీవ్ బదులు షిమ్ములు (మందం సరిచేసే పల్చటి రేకులు) ఉంటాయి, వాటి లెక్క వేరు. మీ బండికి ఏది ఉందో సర్వీసు మాన్యువల్‌లో చూశాకే చెయ్యి పెట్టండి.

ఊడదీసే ముందే చేయాల్సిన పని ఉంది. చక్రాలు లేపి, బ్రేకు రాపిడి లేకుండా చేసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (హౌసింగ్‌కి బలం తెచ్చే పొడుగాటి కడ్డీ) విప్పి, పినియన్ తిరగడానికి ఎంత బలం పడుతోందో చిన్న టార్క్ రెంచితో కొలిచి రాసిపెట్టుకోండి. నట్టు మీద, పినియన్ కొన మీద, ఫ్లాంజి (ఆ షాఫ్టుని తగిలించే పళ్లెం) మీద డాట్ పంచితో ఒకే వరసలో గుర్తు కొట్టండి. ఫ్లాంజి తిరగకుండా హ్యాండ్ బ్రేకు మీద ఆధారపడితే కుదుపంతా క్రౌన్ పళ్లే మోస్తాయి. పొడుగాటి ఇనప పట్టీకి రెండు బెజ్జాలు వేసి ఫ్లాంజికి బోల్టులతో బిగిస్తే చాలు. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా చేసిస్తారు. నట్టు వచ్చాక ఫ్లాంజిని పుల్లర్‌తో లాగండి, సుత్తితో పినియన్ కొన మీద కొడితే బేరింగుకి నొక్కులు పడతాయి. బిగించేటప్పుడు కొత్త నట్టు, చేతి రాడ్డు. కొంచెం బిగించడం, తిప్పి కొలవడం, మళ్లీ కొంచెం. ముందు రాసుకున్న కొలతకి చేరాక ఇంకో రవ్వంత, అక్కడ ఆపెయ్యాలి.

ఇక మిగతావి.

స్ప్రే కొట్టగానే తుప్పు వదులుతుందా? వదలదు. సాయంత్రం కొట్టి, సుత్తితో చుట్టూ చిన్నగా తట్టి, పొద్దున మళ్లీ కొట్టి అప్పుడు పట్టండి. ముందు కాస్త బిగించే వైపు కదిపి చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మునిగిన బళ్లకి, సూర్యలంక బీచ్ ఉప్పునీళ్లలో తిప్పొచ్చి కడగకుండా వదిలేసిన బళ్లకి ఒక్క రాత్రి కూడా చాలదు.

కాల్చితే వస్తుందా? ఆయిల్ సీల్, బేరింగు పక్కన మంట పెట్టొద్దు. పన్నెండు మూలల సాకెట్ వద్దు, ఆరు మూలలదే వాడండి. ఎడమ మర (అంటే నట్టు తిరగేసి తిప్పితేనే ఊడుతుందనే) గోల మటుకు ఉత్త పుకారు కాదు, పాత విల్లీస్ తరహా జీపుల్లో ఎడమవైపు చక్రాల స్టడ్లకి అది ఉండేది. అలాగని ప్రతి మొండి నట్టునీ అటు తిప్పి చూస్తే ఉన్నది కాస్తా ఇంకా బిగుస్తుంది.

అపోహ: గేర్లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగితే బండి ఎక్కడికీ పోదు.

ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచేది) న్యూట్రల్లో ఉంటే మీరు ఏ గేర్లో పెట్టినా లెక్కలేదు. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉంటుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన మరుక్షణం ఆ బ్రేకుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. షాఫ్ట్ విప్పకపోయినా, జాకీతో ఒక వెనక చక్రం లేపితే అది గాల్లో తిరుగుతుంది, రెండోది కదులుతుంది. చక్రాలకి రెండువైపులా దిమ్మలు, ఛాసిస్ కింద స్టాండ్లు లేకుండా రాడ్డు లాగొద్దు. ఇంటి ముందు ర్యాంపు మీద అసలొద్దు. యాక్సిల్ నట్టయితే చక్రం నేల మీద ఉండగానే వదులు చేసుకోండి, వదులయ్యాక బండిని దొర్లించకండి.

సగం వచ్చి ఇరుక్కుపోయిందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లకి: బండికి ఏమీ కాలేదు. ఇంకా లాగకుండా ఆగండి. యాక్సిల్ నట్టుని గ్రైండరుతో ఒక పక్క మర దగ్గరిదాకా కోసి, గాట్లో ఉలి పెట్టి కొడితే చీలిపోతుంది. కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.